తనంతట తానే వదిలే హ్యాండ్‌బ్రేక్: మూడేళ్ల తర్వాత నా మాట

గుంటూరులో కొండలెక్కడున్నాయి, ఎత్తు మీద బండి కదిలించే బాధ నీకెందుకని మా బావ అడుగుతుంటాడు. మా సెల్లార్ ర్యాంపు ఒక్కసారి ఎక్కితే ఆ మాట అనడు. బ్రాడీపేటలో గజం గజం లెక్క చూసుకుని కట్టిన అపార్ట్‌మెంటు మాది. ర్యాంపుకి మిగిలిన చోటు తక్కువ, అందుకే అది నిటారుగా ఉంటుంది. పైకొచ్చేసరికి ముందు చక్రాలు గేటు గాడి దగ్గర, వెనక చక్రాలు ఇంకా ఏటవాలు మీదే. వీధిలో స్కూల్ ఆటోలు, స్కూటర్లు పోయేదాకా అక్కడే ఆగాలి. వెనకే ఇంకో ఫ్లాట్ వాళ్ల బండి, మధ్యలో ఉండేది రెండడుగులు.

పాత స్విఫ్ట్‌తో తొమ్మిదేళ్లు ఆ పని లివర్‌తోనే చేశాను. హ్యాండ్‌బ్రేక్ పైకి లాగి, బటన్ మీద బొటనవేలు ఉంచి, క్లచ్ సగం వదిలి హాఫ్ క్లచ్‌లోకి వస్తే ఇంజిన్ మోత కాస్త బరువెక్కుతుంది, బానెట్ కొద్దిగా లేస్తుంది. అప్పుడు లివర్ మెల్లగా దించితే బండి ముందుకే పోతుంది. నాకు అలవాటైంది. మా ఆవిడ మాత్రం ఆ ర్యాంపు వల్లే డ్రైవింగ్ మానేసింది.

ఇప్పటి బండి కూడా మాన్యువలే, కానీ లివర్ లేదు. గేర్ రాడ్ పక్కన చిన్న స్విచ్, అంతే. మైలేజీ, సీట్లు, స్క్రీన్ గురించి అందరూ చెప్పేశారు కాబట్టి నేను ఈ ఒక్క బ్రేకు గురించే చెబుతాను. స్విచ్ పైకి లాగగానే వెనక నుంచి గుర్రుమని చిన్న శబ్దం వస్తుంది. రెండు వెనక చక్రాల కాలిపర్ల (బ్రేకు ప్యాడ్లను పట్టి ఉంచే బిగింపుల) దగ్గర చెరో మోటారు ప్యాడ్లను, చక్రంతో తిరిగే డిస్క్‌కి నొక్కి పట్టే శబ్దమది. ఫస్ట్ గేర్ వేసి, యాక్సిలరేటర్ కొద్దిగా తొక్కుతూ క్లచ్ వదిలితే, బండిలోని కంప్యూటర్ క్లచ్ ఎక్కడుందో, వాలు ఎంతుందో, ఇంజిన్ ఎంత బలం ఇస్తోందో చూసుకుంటుంది. బలం చాలిందనుకున్నప్పుడు బ్రేకు తనంతట తానే వదిలేస్తుంది. వెనక్కి ఒక్క అంగుళం కూడా జారదు.

హిల్ హోల్డ్ కూడా ఇదేగా అంటారు చాలామంది. కాదు. హిల్ హోల్డ్ మామూలు బ్రేకు ప్రెషర్‌నే కాలు తీశాక రెండు సెకన్ల పాటు పట్టి ఉంచుతుంది. ఆ లోపు కదలకపోతే వదిలేస్తుంది. ఈ స్విచ్ హ్యాండ్‌బ్రేకుకి ఆ తొందర లేదు, నువ్వు సిద్ధమయ్యేదాకా ఆగుతుంది. మా ర్యాంపు మీద కావలసింది సరిగ్గా అదే. కొన్న నెలకే మా ఆవిడ పిల్లని తనే స్కూల్‌కి దించడం మొదలుపెట్టింది. ఆ ఒక్కటి చూసి ఈ బండి మీద నాకు అభిమానం పెరిగిపోయింది. అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పాను, లివర్ ఉన్న బండి ఇక కొనొద్దని.

ఆ మాట కొంచెం తగ్గించుకోవలసిన రోజు పోయిన కార్తీకమాసంలో వచ్చింది.

ఆదివారం, అమ్మతో కోటప్పకొండ బయలుదేరాం. నరసరావుపేట దాటాకే రద్దీ మొదలైంది. ఘాట్ రోడ్డు మీద ఇంకో రెండు మలుపులు తిరిగితే పైకి చేరతామనగా వరుస ఆగిపోయింది. బాగా వాలుగా ఉన్న చోటు. స్విచ్ లాగి, న్యూట్రల్ చేసి కూర్చున్నాను. వెనక సీట్లో పాప నీళ్లడిగితే బెల్టు తీసి, వెనక్కి తిరిగి సీసా అందించాను. అంతలో ముందు బండి కదిలింది. గేర్ వేసి క్లచ్ వదిలాను. బండి వెనక భాగం కిందికి కుంగింది తప్ప కదల్లేదు. ఇంకొంచెం తొక్కాను. క్లచ్ వాసన, ఇంజిన్ ఆఫ్. మళ్లీ స్టార్ట్ చేశాను, మళ్లీ అదే. వెనక హారన్లు. "హ్యాండ్‌బ్రేక్ దించవయ్యా!" అని ఎవరో అరుస్తున్నారు. దించడానికి నా చేతికింద ఏమీ లేదు.

అప్పుడు గుర్తొచ్చింది, బ్రేక్ తొక్కి స్విచ్ కిందికి నొక్కితే వదులుతుందని. నొక్కాను, వదిలింది. కానీ అప్పటికి నా కుడికాలు బ్రేక్ మీద ఉంది. అక్కణ్ణించి యాక్సిలరేటర్ మీదికి వెళ్లే కంగారులో క్లచ్ తొందరగా వదిలేశాను. ఇంజిన్ మూడోసారి ఆగింది. హిల్ హోల్డ్ పట్టి ఉంచే ఆ రెండు సెకన్లూ అయిపోయాయి, బండి జానెడు వెనక్కి జారింది. మళ్లీ బ్రేక్ తొక్కి పట్టుకున్నాను. కాళ్లు వణికాయి. అమ్మ నా భుజం మీద చెయ్యేసి, "కంగారుపడమాకు నాన్నా, పోనీ ఆలస్యమైతే కాని" అంది.

వెనక ఆటో నడిపే అబ్బాయి దిగి, రోడ్డు వారనున్న రాయి ఒకటి తెచ్చి నా వెనక టైరు కింద పెట్టాడు. "అన్నా, ఇప్పుడు నిదానంగా పోనియ్" అన్నాడు. రాయి ఆనుకున్నాక ధైర్యం వచ్చింది, హాఫ్ క్లచ్‌లో కదిలిపోయాను. అద్దంలో చూస్తే ఆ రాయిని మళ్లీ వారకి జరుపుతున్నాడు. అతనికి థాంక్స్ చెప్పే వీలు కూడా చిక్కలేదు.

ఇంటికొచ్చాక బండితో ఇచ్చిన పుస్తకం తీశాను. డ్రైవర్ బెల్టు పెట్టుకుని, తలుపు వేసి ఉంటేనే బ్రేకు తనంతట తాను వదులుతుందని రాసి ఉంది. మనిషి సీట్లో సరిగ్గా లేనప్పుడు బండి కదలకూడదని పెట్టిన ఏర్పాటు. దాన్ని నేను తప్పుపట్టను. నా కోపమంతా, బండి తాళాలిచ్చిన రోజు షోరూమ్‌లో గంటసేపు స్క్రీన్‌లో పాటలు పెట్టడం చూపించి, ఈ ఒక్క ముక్క చెప్పకపోవడం మీద.

అసలు తేడా నాకు అర్థమైంది కూడా ఆ రోజే. లివర్‌ని చెయ్యి పట్టుకుంటుంది కాబట్టి కుడికాలు యాక్సిలరేటర్ మీద ఖాళీగా ఉంటుంది. స్విచ్‌ని చేత్తో వదలాలంటే మా బండిలో కుడికాలు బ్రేక్ మీద ఉండి తీరాలి. అంటే తనంతట తాను వదిలినన్నాళ్లూ ఇది లివర్ కన్నా మేలు, వదలని రోజు లివర్ కన్నా కష్టం. పైగా లివర్‌ని సగం దించి ఆపొచ్చు, స్విచ్‌తో అది కుదరదు. ఐదుగురు ఎక్కి, ఏసీ ఆన్‌లో ఉంటే, మా ర్యాంపు మీద కూడా ఇది కాస్త ఆలస్యంగా, చిన్న కుదుపుతో వదులుతుంది. "జారదు" అన్న మాట నిజమే, "మెత్తగా కదులుతుంది" అని కూడా అనేవాణ్ణి, అది ఇప్పుడు అనను.

ఇంకో రెండు సంగతులు. దసరాకి పది రోజులు ఊరెళ్లి వచ్చేసరికి బ్యాటరీ పడిపోయింది. బ్యాటరీ లేకపోతే బ్రేకు వదలదు, వెనక చక్రాలు బిగుసుకునే ఉంటాయి, నలుగురు తోసినా కదలదు. పక్క ఫ్లాట్ వాళ్ల బండి నుంచి కేబుళ్లు తగిలించుకున్నాం. వెనక ప్యాడ్లు మార్చాలన్నా బండి కంప్యూటర్‌కి తగిలించే స్కానర్ పెట్టి మోటార్లను వెనక్కి తిప్పించాలి. ఆటోనగర్‌లో మాకు తెలిసిన మెకానిక్ ఆ స్కానర్ లేదని నిజాయితీగా చెప్పి పంపేశాడు.

మళ్లీ కొంటే ఇదే కొంటావా అంటే, ఈ సెల్లార్ ఉన్నంతకాలం, మా ఆవిడ రోజూ నడుపుతున్నంతకాలం కొంటాను. ఇంటి ముందు చదునైన వాకిలి ఉండి, తను నడపాల్సిన పని లేకపోతే లివర్ బండే చూసేవాణ్ణేమో. ఎక్కువగా ఘాట్ రోడ్లు తిరిగేవాళ్లకి నేనేం చెప్పలేను, నేను వెళ్లేది ఏడాదికి రెండు మూడుసార్లే. ఒకవేళ ఇది తీసుకుంటే మాత్రం, ట్రాఫిక్ లేని వాలు మీద ఒకసారి బెల్టు తీసి, ఒకసారి పెట్టుకుని, రెండు రకాలుగానూ కదిలించి చూడండి. నేను ఆ పని కొండ దిగి వచ్చిన మర్నాడు, ఉదయం ఐదింటికి మా ర్యాంపు మీద చేశాను. బెల్టు తీసి ఉన్నప్పుడు మూడుసార్లూ వదల్లేదు. పెట్టుకున్న మరుక్షణం వదిలింది.