వేళకు మోగే మందుల డబ్బా: పార్కిన్‌సన్స్ ఉన్న ఇంటికి ఎంతవరకు పనికొస్తుంది?

లెవోడోపా (మెదడులోకి చేరి, కదలికలను నడిపే డోపమైన్ అనే రసాయనంగా మారే మందు) వాడే పార్కిన్‌సన్స్ రోగికి మాత్ర ఎంత ముఖ్యమో, అది కడుపులో పడే వేళ కూడా అంతే ముఖ్యం. రక్తంలో ఆ మందు సుమారు గంటన్నరలో సగానికి తగ్గిపోతుంది. జబ్బు తొలి సంవత్సరాలలో మెదడులో మిగిలిన కణాలు డోపమైన్‌ను కొంత నిల్వ ఉంచుకుని ఆ హెచ్చుతగ్గులను బయటపడనీయవు గానీ, ఏళ్లు గడిచేకొద్దీ ఆ వెసులుబాటు పోయి, మోతాదుకూ మోతాదుకూ మధ్య ఒళ్లు బిగుసుకుపోవడం, అడుగు పడకపోవడం మొదలవుతాయి. మా నాన్నగారు ఆ దశకు వచ్చి, రోజుకు ఆరుసార్లు మాత్ర వేసుకోవలసి రావడంతో ఈ గుండ్రటి డబ్బాను కొన్నాము.

లోపల 28 అరల చక్రం ఉంటుంది. మనం పెట్టిన వేళకు చక్రం ఒక అర ముందుకు జరుగుతుంది, దీపం వెలుగుతుంది, గంట మోగుతుంది. డబ్బాను బోర్లించి మాత్రను చేతిలోకి వంపుకునేదాకా ఆ మోత ఆగదు. ఒకసారి నింపితే వారం వస్తుందని అట్టపెట్టె మీద రాశారు. అది రోజుకు నాలుగు వేళల లెక్క. ఆరు వేళల మనిషికి ఐదో రోజు సాయంత్రానికే చక్రం ఖాళీ అవుతుంది, అయినా గంట మాత్రం యథాప్రకారం మోగుతుంది. ఈ మందు హఠాత్తుగా ఆగిపోతే విపరీతమైన బిగుతు, జ్వరంతో ప్రాణం మీదికి వచ్చే ప్రమాదం ఉంది కనుక, తయారీదారు దీన్ని ఇంత తేలికగా తీసుకోవడం నాకు నచ్చలేదు.

మెచ్చుకోవలసింది తాళం. వేళ కాని వేళ మరో అర తెరుచుకోదు. "వేసుకున్నానా, లేదా" అన్న రోజువారీ వాదన మా ఇంట్లో దీనితోనే ముగిసింది. అనుమానంతో రెండోసారి వేసుకుంటే ఒళ్లు తనకు తానే మెలికలు తిరగడం, లేచి నిలబడగానే రక్తపోటు పడిపోయి కళ్లు తిరగడం వంటివి ఎదురుకావచ్చు. భోజనంలోని మాంసకృత్తులు లెవోడోపా ఒంటబట్టకుండా పోటీపడతాయి కాబట్టి, గంటను భోజనానికి అరగంట ముందుకు జరిపాము. మాత్ర పనిచేయడంలో తేడా స్పష్టంగా కనిపించింది. అయితే ఏ మాత్రలు ఒక అరలో కలవకూడదో డబ్బాకు తెలియదు. ఐరన్ మాత్ర లెవోడోపాతో కలిస్తే దాని శోషణను తగ్గిస్తుంది కనుక దానికి వేరే వేళ కేటాయించాలి. కొన్ని మాత్రలు తేమకు పాడవుతాయి కనుక వాటిని రేకు నుంచి ముందుగా తీసి అరల్లో పోయవచ్చునో లేదో ఫార్మసిస్టును అడగడం అవసరం.

ఇక అసలు లోపం. గంట మోగేది ముందటి మోతాదు ప్రభావం దిగిపోయిన క్షణంలో. అంటే చేతులు మాట వినని సమయంలో. బొటనవేలు చూపుడువేలి మీద రుద్దుకుంటూ ఉంటుంది, డబ్బా పట్టు దొరకదు, ఆగని మోత వల్ల కలిగే కంగారుకు వణుకు రెట్టింపవుతుంది, చివరికి ఎలాగో బోర్లిస్తే సగానికి విరిచి పెట్టిన మాత్ర నేలమీద దొర్లుతుంది. బోర్లించారు కనుక మాత్ర వేసుకున్నట్టే లెక్క అని దీపం ఆరిపోతుంది. దీన్ని రూపొందించినవారు మతిమరుపు ఉన్నవారిని దృష్టిలో పెట్టుకున్నారు గానీ, గుర్తుండీ చేయి కదలని మనిషిని ఊహించినట్టు లేదు. డబ్బాను ఊతంతో వంపే స్టాండు విడిగా దొరుకుతుంది. అది కొని, కింద అంచులున్న వెడల్పాటి పళ్లెం పెట్టి, మోతను అతి తక్కువకు తగ్గించాక ఇబ్బంది చాలావరకు తీరింది. ఈ స్టాండును మొదటే డబ్బాతో పాటు ఇచ్చి ఉండవలసింది.

ఇంట్లో మరొకరు ఉండి, చక్రం నింపే బాధ్యత తీసుకోగలిగితే నిస్సంకోచంగా కొనవచ్చు. జబ్బు ముదిరి ఒంటరిగా ఉంటున్నవారికి దీన్ని అప్పగించి నిశ్చింతగా ఉండమని నేను చెప్పను. కొనేవారు అదనపు చక్రం కూడా తీసుకుంటే మంచిది: ఒకటి తిరుగుతుండగానే రెండోది నింపి ఉంచవచ్చు.