పగలంతా తైపేలో, రాత్రి సీలోమ్‌లో

తైవాన్ రాజధాని తైపేలో మేము దిగిన హోటల్ షిమెన్ మెట్రో స్టేషన్ నుంచి ఐదు నిమిషాల నడక. రిసెప్షన్‌లో ఉన్న అమ్మాయి మా ఇద్దరి పాస్‌పోర్టులు తీసుకుని కంప్యూటర్‌లో చూసి, "ఒకే పెద్ద మంచం, తొమ్మిదో అంతస్తు. అల్పాహారం ఏడు నుంచి పది వరకు" అని చెప్పి రెండు తాళం కార్డులు చేతికిచ్చింది. అంతే. నేను మాత్రం జవాబులన్నీ సిద్ధం చేసుకుని నిలబడి ఉన్నాను. దూరపు చుట్టాలం, ఆఫీసు పని మీద వచ్చాం, వేరే గది దొరకలేదు. ఎనిమిదేళ్ల సహజీవనంలో ఆ అబద్ధాలు నాకు ఎక్కాల్లాగా కంఠతా వచ్చేశాయి. అక్కడ ఒక్కటీ అవసరపడలేదు. లిఫ్టు తలుపులు మూసుకున్నాక అతను నా వైపు చూశాడు. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

ఎందుకు ఇంత చిన్న విషయంతో మొదలుపెట్టానంటే, గే జంటగా ప్రయాణం చేసేవాళ్లకు ఊరిని తూచే తూకం ఇదే. మన దగ్గర ఒక కొండ ఊరి లాడ్జిలో గుమాస్తా మా ఆధార్ కార్డులు పక్కపక్కన పెట్టి, "ఇంటిపేర్లు వేరు, చిరునామా ఒకటే. ఏమవుతారు మీరు?" అని అడిగాడు. చివరికి విడి మంచాలున్న గది ఇచ్చాడు. అర్ధరాత్రి నీళ్ల సీసా నెపంతో తలుపు కొట్టాడు. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు, స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన 377వ సెక్షన్ నుంచి మమ్మల్ని బయటపడేసిన తర్వాత జరిగిన సంగతి ఇది. తీర్పు ఢిల్లీ నుంచి ఆ లాడ్జి బల్ల దాకా ఇంకా చేరలేదు.

అక్టోబరు చివరి వారానికి ప్రయాణం పెట్టుకున్నాం. హైదరాబాద్ నుంచి బ్యాంకాక్‌కు నేరుగా విమానం ఉంది, అక్కడి నుంచి తైపేకి మరొకటి. తైపేలో ఐదు రాత్రులు, తిరుగు దారిలో బ్యాంకాక్‌లో నాలుగు. తైవాన్ వీసా మన రాష్ట్రాలవారికి చెన్నైలోని తైపే ఆర్థిక, సాంస్కృతిక కేంద్రం చూస్తుంది. అమెరికా, బ్రిటన్, షెంగెన్ వంటి వీసాలు ఉన్నవారికి, కొన్ని షరతులతో, ఆన్‌లైన్‌లోనే ప్రయాణ అనుమతి దొరుకుతుంది. మాకు అలాగే దొరికింది. థాయిలాండ్ ప్రవేశ నిబంధనలు తరచూ మారుతున్నాయి కాబట్టి టిక్కెట్టు కొనే ముందు తప్పకుండా చూసుకోండి.

తైపే ప్రైడ్ నడక, అంటే మాలాంటివాళ్లు దాక్కోకుండా వీధిలోకి వచ్చే ఊరేగింపు, ప్రతి ఏటా అక్టోబరు చివరి శనివారం జరుగుతుంది. 2003లో మొదలైనప్పుడు నడిచినవారు కొన్ని వందల మంది. ముఖాలకు మాస్కులు పెట్టుకుని నడిచినవారు అందులో చాలామంది ఉన్నారని అంటారు. ఇప్పుడు లక్ష దాటుతున్నారు. మధ్యాహ్నం నగర మందిరం ముందున్న మైదానంలో గుమిగూడి, వీధుల్లో ఒక చుట్టు తిరిగి మళ్లీ అక్కడికే చేరతారు. ఒక పక్క 508 మీటర్ల తైపే 101 భవనం, మరోపక్క రెన్‌ఐ రోడ్డు చెట్ల నీడ. సంస్థల వాహనాలు, పాటలు, ఆరోగ్య పరీక్షల శిబిరాలు, చర్చి బృందాలు, విశ్వవిద్యాలయ విద్యార్థులు అందరూ కలగలిసిపోతారు. కంపెనీల ప్రకటనలు ఎక్కువయ్యాయని అక్కడివారే విసుక్కుంటున్నారు. వారి మాటలో నిజం ఉంది. మాకు మొదటి అరగంటలో చేతికి అందినవన్నీ ఏదో ఒక కంపెనీ ముద్ర ఉన్న విసనకర్రలే.

అయినా నా కళ్లలో నిలిచిపోయింది వాహనాలు కాదు. మా ముందు ఇద్దరు పెద్దవాళ్లు నడుస్తున్నారు. డెబ్బై దాటి ఉంటాయి. ఎండకు ఒకే గొడుగు పట్టుకున్నారు. పొడుగాయన గొడుగు పట్టుకుంటే, పొట్టాయన జేబులోంచి మడత పెట్టిన చేతిరుమాలు తీసి ఆయన మెడ మీది చెమట తుడిచి, మళ్లీ అదే మడతల్లో మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఎవరూ వారిని ఫోటో తీయలేదు, ఎవరూ చప్పట్లు కొట్టలేదు. హైదరాబాద్‌లో మొదటి ప్రైడ్ నడక 2013లో జరిగింది. నేను ఆ తర్వాతి ఏళ్లలో ఒకసారి ముఖానికి రంగుల ముసుగు వేసుకుని నడిచాను, బంధువులెవరైనా టీవీలో చూస్తారేమోనని. ఆ నడకలో నా చుట్టూ ఉన్నవాళ్లంతా ఇరవైల వయసు పిల్లలు. మాకు ముసలితనం ఎలా ఉంటుందో నాకు ఎవరూ చూపించలేదు. ఆ గొడుగు కింద మొదటిసారి చూశాను.

ఆ పెద్దవాళ్లు అలా నడవడానికి వెనుక పెద్ద కథ ఉంది. చి చియా-వెయ్ అనే ఉద్యమకారుడు 1986లోనే తన వివాహాన్ని గుర్తించమని అడిగి, జైలుకు కూడా వెళ్లాడు. ఆయన పట్టుదలతోనే 2017 మే 24న తైవాన్ రాజ్యాంగ న్యాయస్థానం స్వలింగ జంటలకు పెళ్లి హక్కు నిరాకరించడం చెల్లదని తీర్పు చెప్పింది. మరుసటి ఏడాది ప్రజాభిప్రాయ సేకరణలో జనం ఎక్కువగా వ్యతిరేకంగా ఓటు వేశారు. అయినా పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసింది, 2019 మే 24 నుంచి పెళ్లిళ్లు మొదలయ్యాయి. ఆసియాలో అదే మొదటిది. కలిసి బిడ్డను దత్తత తీసుకునే హక్కు 2023లో వచ్చింది. అదే 2023లో అక్టోబరు 17న మన సుప్రీంకోర్టు, పెళ్లి సంగతి పార్లమెంటు చూసుకోవాలని చెప్పి పక్కకు తప్పుకుంది. ఆ రోజు మేమిద్దరం సెలవు పెట్టుకుని టీవీ ముందు కూర్చున్నాం. సాయంత్రం దాకా అన్నం వండలేదు.

మర్నాడు కుందేలు దేవుడి గుడికి వెళ్లాం. న్యూ తైపేలోని యోంగ్‌హె ప్రాంతంలో, ఇళ్ల మధ్య సందులో ఉంటుంది. పేరు వెయ్‌మింగ్. గోపురం, ప్రాకారం ఊహించుకుని వెళితే దారి తప్పుతారు, మేము రెండుసార్లు దాటిపోయాం. 2006లో ఒక తావో మతపు పూజారి స్థాపించిన ఈ గుడిలో కొలువైన దేవుడి కథ చైనాలోని ఫూజియన్ ప్రాంతానిది. హు తియన్‌బావో అనే యువకుడు ఒక అందమైన అధికారిని ప్రేమించి, చాటుగా చూస్తూ పట్టుబడ్డాడట. అధికారి అతన్ని కొట్టించి చంపించాడు. నెల తర్వాత అతను ఊరి పెద్ద కలలో కనిపించి, "నేను చేసిన తప్పు ప్రేమించడమే. అందుకే యమలోకం వాళ్లు నన్ను మగవాళ్లను ప్రేమించే మగవాళ్లకు దేవుడిని చేశారు, గుడి కట్టండి" అన్నాడట. హత్యకు గురైనవాడు దేవుడై వెలియడం మనకు కొత్త కథ కాదు. మన ఊళ్లలో అన్యాయంగా చనిపోయినవారు ఎంతమంది పేరంటాళ్లై గుళ్లు కట్టించుకోలేదు! అందుకేనేమో, అగరుబత్తి చేతిలోకి తీసుకోగానే నాకు పరాయి చోటన్న భావన పోయింది.

అక్కడ పేరు, ఊరు చెప్పుకుని కోరిక విన్నవించుకోవాలి. మేము తెలుగులోనే చెప్పుకున్నాం. రెండు ఎర్ర రక్షరేకులు తెచ్చుకున్నాం. తిరిగి వచ్చాక అమ్మ ఒకటి దేవుడి గూట్లో పెట్టింది. అతన్ని ఇప్పటికీ "నీ స్నేహితుడు" అనే అంటుంది. కానీ రెండోది చేతిలో పట్టుకుని, "ఇది అతనిది కదా, పోగొట్టుకుంటాడు, బండి తాళానికి కట్టమను" అని పసుపు దారం ఇచ్చింది.

తిండి విషయం కొంచెం చెప్పాలి. నేను శాకాహారిని. తైపేలో హోటల్ బోర్డు మీద మన స్వస్తిక్ గుర్తు ఉంటే అది శాకాహార భోజనశాల అని అర్థం, బౌద్ధుల ఆచారం. చాలాచోట్ల ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు. పళ్లెంలో కావలసినవి పెట్టుకుంటే తూచి డబ్బు తీసుకుంటారు. కారం అలవాటైన నాలుకకు చప్పగానే ఉంటుంది, గోంగూర పచ్చడి సీసా నన్ను కాపాడింది. రాత్రి బజార్లలో పులియబెట్టిన టోఫూ వాసన వీధి చివరి నుంచే ముక్కుపుటాలు అదరగొడుతుంది. అతను తిన్నాడు, నేను పక్క వీధిలో నిలబడ్డాను. మెట్రో బ్రహ్మాండం. విమానాశ్రయం నుంచి నగరానికి 150 తైవాన్ డాలర్లు. లోపల నీళ్లు తాగినా జరిమానా వేస్తారు, ఆ ఒక్కటి గుర్తుంచుకోండి.

షిమెన్ స్టేషన్ ఆరో ద్వారం దగ్గర రోడ్డు మీద ఇంద్రధనుస్సు రంగులు వేసి ఉంటాయి. అందరూ ఫోటోలు దిగుతారు, మేమూ దిగాం. దానికి ఎదురుగా 1908లో జపాన్ పాలకులు బజారుగా కట్టిన ఎర్ర ఇటుకల ఎనిమిది మూలల భవనం, రెడ్ హౌస్. దాని వెనుక ఆరుబయట బల్లలు వేసిన చిన్న చిన్న గే బార్లు వరుసగా ఉంటాయి. ఇవి నాకు నచ్చడానికి కారణం, చీకటి గదుల్లో దాక్కున్నట్టు కాకుండా నడిచిపోయే జనం కళ్ల ముందే ఉండటం. పక్కనే కుటుంబాలు ఐస్‌క్రీం తింటూ వెళుతుంటాయి. ప్రైడ్ వారం రోజుల్లో మాత్రం కుర్చీ దొరకదు, సంగీతం ఒకదాని మీద ఒకటి పడి మాట వినపడదు. మంగళవారం రాత్రి వెళ్లండి, ప్రశాంతంగా ఉంటుంది. ఒక్కరే వెళ్లినా పక్క బల్లవాళ్లు పలకరిస్తారు.

ఇక బ్యాంకాక్. సీలోమ్ రోడ్డులో ఒక హోటల్‌లో గది నా ఒక్కడి పేరు మీదే తీసుకున్నాను. పొరపాటు నాదే కొంత. రాత్రి పదకొండుకు చేరగానే కౌంటర్‌లో ఉన్న మనిషి అతన్ని కింది నుంచి పైకి చూసి, బయటి నుంచి వచ్చిన అతిథికి వేరే రుసుము కట్టాలన్నాడు. పెట్టెలు కనిపిస్తూనే ఉన్నాయి, ఇద్దరి విమానం టిక్కెట్లూ చూపించాం. అయినా వినలేదు. నన్ను బాధపెట్టింది డబ్బు కాదు. ఎనిమిదేళ్లు నా పక్కన ఉన్న మనిషిని ఆ రాత్రికి తెచ్చుకున్నవాడిలా చూడటం. మర్నాడు పొద్దున్నే ఖాళీ చేసి, ఆ వీధిలోనే మరో హోటల్‌లో ఇద్దరి పేర్లతో గది తీసుకున్నాం. అక్కడ ఏ ఇబ్బందీ లేదు. గది ఎక్కడ తీసుకున్నా ఇద్దరి పేర్లూ రాయించండి. ఇదొక్కటి గట్టిగా చెబుతున్నాను.

అలాగని బ్యాంకాక్‌ను తక్కువ చేయను. 2025 జనవరి 23 నుంచి అక్కడా పెళ్లి చట్టం అమల్లోకి వచ్చింది, ఆగ్నేయాసియాలో మొదటిది. రాత్రి సరదాలో తైపే దాని దరిదాపులకు రాదు. సీలోమ్ నాలుగో సందు, వాళ్ల భాషలో సోయ్ 4, రెండు పక్కలా బల్లలతో నిండిన ఇరుకు దారి. టెలిఫోన్, బాల్కనీ అనే పాత బార్లు అక్కడే ఉన్నాయి. రెండో సందులో డీజే స్టేషన్ అనే నాట్యశాల. వయసు రుజువుకు పాస్‌పోర్టు అడుగుతారు, దగ్గర ఉంచుకోండి. పక్కనున్న పాట్‌పాంగ్‌లో మేడ మీదికి రమ్మని చెయ్యి పట్టి లాగేవాళ్లతో మాట కలపవద్దు, తర్వాత బిల్లు చూస్తే గుండె ఆగుతుంది.

స్త్రీ వేషధారుల ప్రదర్శన ఒకటి చూశాం. ఒక కళాకారిణి, అవును అలాగే అంటాను, పాట లేకుండా కేవలం కనురెప్పలతో, మెడ వంపుతో ఒక నిమిషం సేపు సభను నిశ్శబ్దంగా పట్టి ఉంచింది. నాకు చిన్నప్పుడు తాతయ్య చెప్పిన మాటలు గుర్తొచ్చాయి. సత్యభామగా వేదాంతం సత్యనారాయణ శర్మ గారు జడ ముందుకు వేసుకుంటే ఆడవాళ్లు ఆ సొగసు నేర్చుకోవడానికి చూసేవారట. స్థానం నరసింహారావు గారి స్త్రీ పాత్రల గురించి చెప్పేటప్పుడు తాతయ్య గొంతు మారేది. ఆ ప్రదర్శన చూడటానికి తాతయ్య ఉంటే ముందు వరుసలో కూర్చునేవాడు.

ఆ సందు నుంచి అదే రోడ్డు మీద కొంచెం సేపు నడిస్తే మరియమ్మన్ గుడి వస్తుంది. పంతొమ్మిదో శతాబ్దంలో తమిళులు కట్టిన గుడి, రంగురంగుల గోపురం. రాత్రి రెండింటి దాకా ఆడి, పొద్దున తలస్నానం చేసి అక్కడ కొబ్బరికాయ కొట్టించాం. పక్కన థాయ్ అమ్మాయిలు బంతిపూల దండలతో వరుసలో ఉన్నారు. ఏప్రిల్ 13 నుంచి 15 దాకా సోంగ్‌క్రాన్ నీళ్ల పండుగ జరిగేదీ ఈ రోడ్డు మీదే. ఆ రోజుల్లోనే పెద్ద గే ఉత్సవాలు కూడా ఉంటాయి. ఒంటి మీద పొడి బట్ట మిగలదు, ఫోనుకు ప్లాస్టిక్ సంచి తప్పనిసరి.

సింగపూర్‌లో ఉంటున్న ఇద్దరు స్నేహితురాళ్లు, విశాఖవాళ్లు, బ్యాంకాక్‌లో మాతో కలిశారు. రెండో రాత్రే వాళ్లకు విసుగొచ్చింది. "అన్నీ మీ మగవాళ్ల కోసమే కదా!" అన్నారు. కాదనలేకపోయాను. సీలోమ్ అంతా గాలించినా ఆడవాళ్ల జంట స్థిమితంగా కూర్చుని మాట్లాడుకునే చోటు కష్టం మీద దొరికింది. తైపేలోని గోంగ్‌గువాన్ దగ్గర, విశ్వవిద్యాలయం పక్కన, 1999లో తెరిచిన జింజిన్ అనే గే, లెస్బియన్ పుస్తకాల దుకాణం వాళ్లకు నచ్చుతుందని చెప్పాను. వచ్చే ఏడు మాతో వస్తామన్నారు.

నాట్యం, సందడి, కొత్త పరిచయాలు కావాలంటే బ్యాంకాక్ వెళ్లండి. ఖర్చు తక్కువ, ప్రయాణం నాలుగు గంటల లోపు. కానీ మీరు ఇద్దరై, పక్కపక్కన నడవడమే మీకు పండుగైతే తైపేకి వెళ్లండి. అక్కడ నాలుగో రోజు సాయంత్రం, మెట్రో మెట్ల మీద, అతని చెయ్యి నా చేతిలో ఎంతసేపటి నుంచి ఉందో నాకు గుర్తు లేదు. ప్రైడ్ వారంలో గదుల ధరలు బాగా పెరుగుతాయి కాబట్టి మేము వచ్చే అక్టోబరుకు అదే హోటల్‌లో ఇప్పుడే గది తీసుకున్నాం. ఒకే పెద్ద మంచం, ఇద్దరి పేర్లు.