రోడ్డు మీద పడుకునే మనిషికి పన్ను నొప్పి: పీకించడం మేలా, బాగు చేయించడం మేలా?

బరంపురంలో చలి మొదలైతే చాలు, దుప్పట్లు పంచే పిల్లలు నన్ను ఒకటే అడుగుతారు. "స్టేషన్ దగ్గర పడుకునే ఒకాయనకి దవడ వాచిపోయిందక్కా, ఎక్కడికి తీసుకెళ్ళాలి?" పోయిన నెల్లోనే ముగ్గురు అడిగారు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పే బదులు ఇక్కడ రాసేస్తున్నాను.

ఉన్న దారులు మీకు తెలిసినవే. ప్రభుత్వాసుపత్రి పళ్ళ ఓపీ, మొహమాటానికి ఉచితంగా చూసే ప్రైవేటు క్లినిక్, ఎప్పుడో పెట్టే క్యాంపు, కటక్‌లో ప్రభుత్వ డెంటల్ కాలేజీ. అందరూ ముందు డబ్బు లెక్క చూస్తారు. నేనూ అదే చూసేదాన్ని. ఇప్పుడు మాత్రం ఒకటే చూస్తాను: ఎన్నిసార్లు వెళ్ళాలి?

ఇచ్ఛాపురం వైపు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయిన రిక్షా మావయ్య ఒకాయన ఉన్నాడు. కింది దవడ పన్ను పుచ్చిపోతే గుడాఖు (పళ్ళకి రుద్దుకునే పొగాకు ముద్ద) కూరి కూరి నెలల తరబడి నెట్టుకొచ్చాడు. తెలిసిన డాక్టరుగారు డబ్బులొద్దు, రూట్ కెనాల్ చేస్తానన్నారు, అంటే పన్ను పీకకుండా లోపల శుభ్రం చేసి నింపెయ్యడం. మూడు సిట్టింగులు. మొదటి రోజు లోపల శుభ్రం చేసి, తాత్కాలికంగా సిమెంటు పెట్టి పంపారు. నొప్పి పోయింది. కొంప మునిగింది అక్కడే. నొప్పి లేనివాడు ఆ రోజు కూలి వదులుకుని ఎందుకొస్తాడు? ఆయనకి ఫోన్ లేదు, క్లినిక్ వాళ్ళు నాకు చేసేవారు. నేను స్టేషన్ బయట వెతుకుతుంటే ఆయన గోపాల్‌పూర్‌లో పెళ్ళి సామాన్లు దింపుతున్నాడు. రెండు నెలలకి సిమెంటు ఊడిపోయి, పన్ను సగానికి విరిగింది. చివరికి పీకించాం. "అప్పుడే పీకించేస్తే పోయేది కదమ్మా" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

అందుకే నా ఓటు ప్రభుత్వాసుపత్రికి, అదీ పీకించడానికి. అన్నీ కుదిరితే ఒక్క పూటలో అయిపోతుంది. ఒడిశా ప్రభుత్వం 2015 నుంచి నడుపుతున్న ఉచిత మందుల పథకం నిరామయ, ఆ కౌంటర్లో మందులు ఉచితం. అడ్రస్ అడిగితే ఇల్లు లేనివాళ్ళు పడుకునే షెల్టర్ పేరు చెప్పండి. బీపీ, షుగరు బాగా ఎక్కువుంటే ఆ రోజు పీకరు, మళ్ళీ రమ్మంటారు. ఆ "మళ్ళీ" అనేదే మనకి శత్రువు. ముందురోజే దగ్గర్లోని ఆరోగ్య కేంద్రంలో రెండూ చూపించెయ్యండి. వాపు మెడకి దిగినా, నోరు తెరుచుకోకపోయినా, మింగలేకపోయినా, జ్వరం ఉన్నా ఓపీ కోసం తెల్లారేదాకా ఆగొద్దు. ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి.

పీకించాక ఉంటుంది అసలు పని. దూది అరగంట పైనే గట్టిగా కొరికి పట్టుకోవాలి, ఆ రోజంతా ఉమ్మకూడదు. రెండు మూడు రోజులు గుడాఖు, బీడీ, ఖైనీ ముట్టకూడదు. గుంటలో గడ్డకట్టిన రక్తం ఊడిపోతే, రెండు మూడు రోజుల్లో వచ్చే పోటు ముందు పన్ను నొప్పి ఏ మూలకీ రాదు. మర్నాటి నుంచి గోరువెచ్చని ఉప్పు నీళ్ళతో పుక్కిలించాలి. ఇంట్లో ఉన్నవాళ్ళకి ఇదేం పెద్ద పనా? ఫుట్‌పాత్ మీద ఉప్పెక్కడిది, వేడి నీళ్ళెక్కడివి? కాబట్టి షెల్టర్లో రెండు రాత్రులకి చోటు ఖాయం చేసుకున్నాకే ఆసుపత్రికి బయల్దేరండి. తిండికి టెన్షన్ లేదు. ప్రభుత్వం చవగ్గా భోజనం పెట్టే ఆహార్ కేంద్రంలో 5 రూపాయల అన్నం, దాల్మా (కూరగాయల పప్పు) చల్లారాక మెత్తగా పిసికి, రెండో వైపు నమలమని చెప్పండి.

"ఉన్నవాళ్ళకి రూట్ కెనాల్, లేనివాళ్ళకి పటకారానా?" అని ఒక డాక్టరమ్మ నన్ను నిలదీసింది. న్యాయమైన మాటే. ముందు పళ్ళయితే, కుర్రాడైతే, హోటల్లోనో కొట్లోనో పని వెతుక్కునేవాడైతే నేనూ పన్ను నిలబెట్టమనే అంటాను. కానీ నెలపాటు ఒకచోట ఉంటాడని నమ్మకం ఉండాలి. ఒకే సిట్టింగులో అయిపోతుందేమో డాక్టరుని అడగండి, కొన్ని పళ్ళకి కుదురుతుంది.

క్యాంపుల మీద నాకు పెద్దగా గురి లేదు. బ్రష్షు, పేస్టు చేతిలో పెట్టి చీటీ రాస్తారు. ఒక్కదానికి మాత్రం క్యాంపే మేలు. గంజాం నుంచి శ్రీకాకుళం, విశాఖ తీరం దాకా అడ్డపొగ తాగే ఆడవాళ్ళు ఇంకా ఉన్నారు. నిప్పు నోట్లో, చుట్ట బయట. అంగిలి ఏళ్ళ తరబడి కాలుతూనే ఉంటుంది. అక్కడ వచ్చే తెల్ల మచ్చో, ఎర్ర మచ్చో మొదట్లో నొప్పెట్టదు, కాబట్టి వాళ్ళంతట వాళ్ళు ఆసుపత్రి గడప తొక్కరు. క్యాంపులో "నోరు బాగా తెరువు మామ్మా" అని టార్చి వేసి పైకి చూస్తే దొరుకుతుంది. మచ్చ ఉన్నా, రెండు వారాలు దాటినా మానని పుండు ఉన్నా అది క్యాన్సర్‌కి మొదలు కావచ్చు, పేస్టుతో పోయేది కాదు, మీరే వెంటపెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

కటక్ సంగతి. రైల్లో 200 కిలోమీటర్లకి దగ్గర. పెట్టుడు పళ్ళంటే నాలుగైదుసార్లు తిరగాలి. ఒక మామ్మకి ఎవరో పుణ్యాత్ములు ఎలాగో చేయించారు. రాత్రి నోట్లోంచి తీసి కొంగున ముడేసుకుని పడుకునేది. డబ్బులనుకున్నారేమో, ఒక తెల్లవారుజామున ఆ ముడి కోసుకుపోయారు.