జర్మనీకి 12,100 యూరోలు: ఒకే రోజు రెండు దారుల్లో పంపి చూశాం

మా అబ్బాయి ఎమ్మెస్ చదవడానికి జర్మనీ వెళ్ళాడు. వీసా దరఖాస్తు ఇవ్వాలంటే మాలాంటివారు సాధారణంగా అంతకు ముందే అక్కడ బ్లాక్డ్ అకౌంట్ (వేసిన డబ్బును నెలకు ఇంత చొప్పున మాత్రమే తీసుకోనిచ్చే ఖాతా) తెరిచి, ఏడాది ఖర్చులకు సరిపడా డబ్బు అందులో వేసి, వేసినట్టు ధ్రువపత్రం తెచ్చుకోవాలి. 2024 సెప్టెంబరు నుంచి ఆ మొత్తం 11,904 యూరోలు. నెలకు 992 చొప్పున పన్నెండు నెలలకు లెక్క. ఖాతా నడిపే సంస్థ రుసుములు, అది అదనంగా ఉంచమన్న కాస్త డబ్బు కలిపి మాకు 12,100 యూరోలు అయింది. ఆ అంకె పూర్తిగా జమ అయితేనే ధ్రువపత్రం వస్తుంది. ఒక్క యూరో తగ్గినా రాదు.

నేను తెనాలి దగ్గర జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో గణితం చెబుతాను. ఇంత పెద్ద మొత్తం దేశం దాటించడం మా ఇంట్లో ఇదే మొదటిసారి. ఇదే పనిలో ఉన్న తల్లిదండ్రులు మా ఊళ్ళోనే పదిమంది కనిపిస్తున్నారు. అందరూ ఒకటే అడుగుతున్నారు, "చార్జీలు ఎక్కడ తక్కువ టీచర్ గారూ?" అని. ఆ ప్రశ్న దగ్గరే మేమూ పొరపాటు పడ్డాం. అందుకే అంకెలతో సహా రాస్తున్నాను.

పంపింది 2025 జులై 10, గురువారం. మొత్తం ఒకే పేరు మీద పంపితే పన్నెండు లక్షలు దాటుతుంది. మేము పంపిన నాటికి ఉన్న నిబంధన ప్రకారం ఒక ఆర్థిక సంవత్సరంలో ఒక పాన్ మీద పది లక్షల వరకు టీసీఎస్ (డబ్బు పంపేటప్పుడే ముందుగా పట్టుకునే పన్ను) లేదు. చదువుకోసం సొంత డబ్బు పంపితే ఆ పైన ఉన్న దానిమీద అప్పట్లో ఐదు శాతం పట్టుకునేవారు. బ్యాంకు విద్యా రుణం నుంచి పంపేవారికి ఆ ఏప్రిల్ నుంచి అసలే లేదు. టీసీఎస్ పోయే డబ్బు కాదు, రిటర్ను వేసినప్పుడు లెక్కకు వస్తుంది. జీతగాళ్ళు ముందే చెప్పుకుంటే జీతంలో కోసే టీడీఎస్‌లోనే సర్దుతారు. అయినా దాదాపు 10,750 రూపాయలు నెలల తరబడి చిక్కుకుపోవడం ఎందుకని సగం నా పేరున, సగం మా వారి పేరున పంపాలనుకున్నాం. నా ఫిక్స్‌డ్ డిపాజిట్ డబ్బు నా ఖాతా నుంచి, ఆయన పదవీ విరమణ డబ్బు ఆయన ఖాతా నుంచి. ఇందులో దాచిపెట్టే పని ఏమీ లేదు. ఎవరి డబ్బు వారు, ఎవరి పాన్ మీద వారు పంపాలి, అంతే.

విజయవాడ బందరు రోడ్డులో ఒక ఫారెక్స్ కార్యాలయం గురించి మా స్కూల్లో సైన్స్ మాస్టారు చెప్పారు. చార్జీ వెయ్యి రూపాయలు. మా వారి బ్యాంకు చార్జీ ఐదు వందలే. "ముప్పై ఏళ్ళుగా నా జీతం పడిన బ్యాంకు. సగం చార్జీకే పని అవుతుంటే మేడమీద దుకాణానికి డబ్బు ఎందుకివ్వాలి?" అన్నారాయన. నాకూ సబబుగానే తోచింది. ఆయన బ్యాంకుకు, నేను ఉదయం రైలుకు బెజవాడకు బయలుదేరాం.

ముందు నేను వెళ్ళిన చోటు గురించి. మొదటి అంతస్తులో చిన్న గది, రెండు బల్లలు, నాలుగు కుర్చీలు. గోడమీద రిజర్వు బ్యాంకు అనుమతి పత్రం చట్రం కట్టించి పెట్టారు. చట్రం చూసి నమ్మలేదు, ముందురోజు రాత్రే రిజర్వు బ్యాంకు వెబ్‌సైట్‌లోని జాబితాలో ఆ సంస్థ పేరు వెతికి చూసుకున్నాను. ఆథరైజ్డ్ డీలర్ రెండో కేటగిరీ అని ఉంది, అంటే చదువులాంటి పనులకు విదేశాలకు డబ్బు పంపే అనుమతి ఉన్నట్టు. ఇది చూసుకోవడం ముఖ్యం. ఊళ్ళో డాలర్ నోట్లు మార్చే మనీ ఛేంజర్లు చాలామంది ఉంటారు, ఆ లైసెన్సుతో నోట్లు మార్చవచ్చు కానీ విదేశీ ఖాతాకు డబ్బు పంపే అధికారం ఉండదు. ఇక్కడ నగదు తీసుకోరు. నా ఖాతా నుంచి వాళ్ళ కంపెనీ ఖాతాకు ఆర్టీజీఎస్ చేయమన్నారు. మేడమీద దుకాణాన్ని నమ్మవచ్చా అన్న మా వారి భయానికి సగం జవాబు అక్కడే దొరికింది.

బల్ల దగ్గర ఉన్న కుర్రవాడు మొదట చెప్పింది ధర. "మేడమ్, ఇప్పుడు యూరో 100 రూపాయల 95 పైసలు. మధ్యాహ్నం మూడు గంటల లోపు మీ డబ్బు మాకు చేరితే ఇదే ధర. దాటితే కొత్త ధర." ఫోనులో చూసుకుంటే ఆ పూట మార్కెట్ ధర 100 రూపాయల 40 పైసల దగ్గర ఉంది. అంటే యూరోకు 55 పైసలు వాళ్ళ లాభం. దాచకుండా చెప్పాడు, కాగితం మీద రాసి ఇచ్చాడు.

తర్వాత అడిగిన ప్రశ్న నేను ఊహించనిది. "మేడమ్, అక్కడ 6,100 పూర్తిగా పడాలా, దారిలో కొంత తగ్గినా పరవాలేదా?" దారిలో తగ్గడం ఏమిటని అడిగాను. మన దగ్గర బయలుదేరిన డబ్బు నేరుగా జర్మనీ బ్యాంకులో వాలదట. మధ్యలో ఒకటో రెండో బ్యాంకులు చేతులు మార్చుతాయి, వాటి కూలి ఎవరు భరించాలో ముందే రాయాలి. ఓయూఆర్ అని రాస్తే అంతా పంపేవారిదే. ఎస్‌హెచ్‌ఏ అని రాస్తే మన బ్యాంకు ఖర్చు మనది, మిగిలింది అందుకునే వారిది, అంటే పంపిన సొమ్ములోంచే కోసుకుంటారు. బ్లాక్డ్ అకౌంట్‌కు ఓయూఆర్ తప్ప వేరేది రాయకూడదని అతనే చెప్పాడు. వెయ్యి రూపాయల చార్జీలో ఆ కూలి కూడా కలిసే ఉందట.

ఇక ఐబాన్, అంటే అంతర్జాతీయ ఖాతా సంఖ్య. జర్మనీ ఖాతా సంఖ్యలో డీఈ అక్షరాలతో కలిపి 22 స్థానాలు ఉంటాయి. అతను టైపు చేసి, తెర నావైపు తిప్పి, నాలుగేసి అంకెల చొప్పున గట్టిగా చదివాడు. నేను మా అబ్బాయి పంపిన ఉత్తరం మీద వేలు పెట్టి వెంట చదివాను. ఒకచోట 6 బదులు 9 పడింది. అతను చూసుకునే లోపే కంప్యూటర్ ఎర్రగా చూపించింది. డీఈ తర్వాత వచ్చే రెండు అంకెలు తనిఖీ కోసమే పెట్టినవి. మొదటి నాలుగు స్థానాలను చివరికి జరిపి, అక్షరాలను అంకెలుగా మార్చి, వచ్చిన సంఖ్యను 97తో భాగిస్తే శేషం 1 వచ్చేలా వాటిని కడతారు, ఒక్క అంకె మారినా శేషం తప్పుతుంది. ఎనిమిదో తరగతి పిల్లలకు శేషాలు చెప్పేటప్పుడు ఇప్పుడు ఇదే ఉదాహరణ చెబుతున్నాను.

నా లెక్క: 6,100 యూరోలకు 6,15,795 రూపాయలు. కరెన్సీ మార్పిడి మీద జీఎస్టీ 644. చార్జీ వెయ్యి, దానిమీద జీఎస్టీ 180. మొత్తం 6,17,619. పంపినట్టు స్విఫ్ట్ ప్రతి (బ్యాంకుల మధ్య వెళ్ళిన సందేశం నకలు) సాయంత్రానికి మెయిల్లో వచ్చింది. సోమవారానికి 6,100 యూరోలు అక్కడ పడ్డాయి. పూర్తిగా.

పంపిన రోజు మా వారు నాకంటే ముందే ఇంటికి చేరారు. మూడు చోట్ల సంతకాలు, అరగంటలో పని పూర్తి. 6,000 యూరోలు. చేతిలో రసీదు, చార్జీ 500, జీఎస్టీ 90. ఆ రెండు అంకెలే చూసుకుని మురిసిపోయాం. రసీదులో మూడో వరుసలో మార్పిడి ధర ఉంది, 102 రూపాయల 90 పైసలు. ఆ రాత్రి కళ్ళద్దాలు పెట్టుకుని చదివితే కనిపించింది. మార్కెట్ ధర కంటే యూరోకు రెండున్నర రూపాయలు ఎక్కువ. ఆరు వేల యూరోల మీద పదిహేను వేలు! ఐదు వందలు మిగిల్చామనుకుని చెల్లించింది అది. చార్జీ అనే మాట పక్కన ఆ పదిహేను వేలు ఎక్కడా కనిపించవు.

అంతటితో అయిపోలేదు. మంగళవారం మా అబ్బాయి ఫోను చేశాడు. "అమ్మా, నాన్న పంపినవి 5,982 వచ్చాయి. 18 యూరోలు తక్కువ. ధ్రువపత్రం ఇవ్వలేదు." హైదరాబాద్‌లో వీసా దరఖాస్తు ఇవ్వవలసిన రోజు జులై 23. వాడి గొంతులో కంగారు విన్నాక ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

మర్నాడు బ్యాంకు నుంచి స్విఫ్ట్ ప్రతి తెప్పించాను. అందులో 71ఏ అనే వరుస కనిపించింది, ఖర్చులు ఎవరివో అక్కడే రాశారు. ఎస్‌హెచ్‌ఏ అని ఉంది. దరఖాస్తులో ఆ గడి నింపింది కౌంటర్ దగ్గరి ఉద్యోగి, కింద సంతకం మా వారిది. ఆయనను ఎవరూ అడగలేదు, అడగాలని ఆయనకూ తెలియదు. ఆ 18 యూరోల కోసం అదే రోజు మళ్ళీ బందరు రోడ్డుకు వెళ్ళి 20 యూరోలు పంపాను. ఆ యూరోల ధర, చార్జీలు, జీఎస్టీలు అన్నీ కలిపి 3,245 రూపాయలు అయింది. అవి శుక్రవారం చేరాయి, సోమవారం ధ్రువపత్రం వచ్చింది, బుధవారం వాడు దరఖాస్తు ఇచ్చాడు.

ఇప్పుడు అసలు పోలిక. కట్టిన మొత్తం రూపాయలను అక్కడ నిజంగా పడిన యూరోలతో భాగించండి. నాది 101 రూపాయల 25 పైసలు. మా వారిది, మార్పిడి మీద జీఎస్టీ కూడా కలిపి 6,18,636ను 5,982తో భాగిస్తే, 103 రూపాయల 42 పైసలు. తేడా దాదాపు పదమూడు వేలు, మళ్ళీ పంపిన ఖర్చు కాక. చార్జీ ఇంత, ధర ఇంత, కోత ఇంత అని విడివిడిగా చూస్తే తల తిరుగుతుంది. ఈ ఒక్క భాగహారం చేస్తే ఎవరు చవకో తేలిపోతుంది.

కౌంటర్ దగ్గర కూడా ఇలాగే అడగాలి: "అక్కడ సరిగ్గా ఇన్ని యూరోలు పడాలి. అందుకు నా ఖాతా నుంచి మొత్తం ఎన్ని రూపాయలు పోతాయి?" మూడు చోట్ల అడిగితే మూడు చోట్లా ఒకే గంటలో అడగాలి. ధర నిమిషాల మీద మారుతుంది, పొద్దున ఒకరిని, సాయంత్రం ఒకరిని అడిగితే పోలిక నిలవదు. ఇప్పటి ధర ఏ మాత్రమో తెలియాలంటే ఎఫ్‌బీఐఎల్ అనే సంస్థ ప్రతి పనిరోజూ మధ్యాహ్నం ప్రకటించే రిఫరెన్స్ రేటు ఉంది, డాలరుకూ యూరోకూ రెండింటికీ ఇస్తారు.

ఫోను యాప్‌ల సంగతి కొద్దిగా. బ్లాక్డ్ అకౌంట్ తెరిచినప్పుడే "సున్నా చార్జీ" అంటూ ఒక యాప్ లింకు వచ్చింది. అదే గంటలో చూస్తే ధర 101 రూపాయల 60 పైసలు. సున్నా చార్జీ నిజమే, కానీ యూరోకు రూపాయి ఇరవై పైసలు ధరలో కలిపేశారు. 6,100 యూరోలకు అది ఏడు వేల మూడు వందలకు పైనే. మా వారి బ్యాంకు ధర కంటే మేలు, నాకు దొరికిన ధర కంటే ఖరీదు. ఊరు దాటి వెళ్ళలేనివారికి, పత్రాలు ఇంట్లోనే స్కాన్ చేసి పంపగలిగేవారికి అది మంచి దారే. నేను మనిషిని ఎదురుగా పెట్టుకుని అడగదలచుకున్నాను.

బందరు రోడ్డు కార్యాలయానికి ఐదుకు నాలుగు మార్కులు వేస్తాను. ఒక మార్కు ఎందుకు తగ్గించానంటే, నా పాన్ మీద ఇంటిపేరు పొడి అక్షరంగా, మా అబ్బాయి పాస్‌పోర్టులో తల్లి పేరు దగ్గర పూర్తిగా ఉంది. ఇద్దరం తల్లీకొడుకులమే అనడానికి వేరే రుజువు కావాలన్నారు. ఆ మాట ముందురోజు ఫోనులో చెప్పి ఉంటే ఆధార్ ప్రతి వెంట తెచ్చేదాన్ని. మా వారు ఇంట్లో వెతికి, ఫొటో తీసి పంపేసరికి రెండు గంటలు దాటింది. మూడు గంటల గడువు తప్పిపోతుందేమోనని గుండె దడదడలాడింది. మన తెలుగువాళ్ళ పేర్లన్నీ ఇంతే, ఒక్కో కాగితంలో ఒక్కో తీరు. వెళ్ళేముందు అన్నీ ఒకచోట పెట్టి అక్షరం అక్షరం సరిచూసుకోండి. కార్యాలయం పేరు ఇక్కడ రాయడం లేదు. నాకు ఆ రోజు దొరికిన ధర మీకు దొరుకుతుందని నేను పూచీ పడలేను, అడిగే పద్ధతి మాత్రం ఏ ఊళ్ళోనైనా పనికొస్తుంది.

ఆగస్టులో ఏదో పని మీద మా వారి బ్యాంకుకు నేనూ వెళ్ళాను. మేనేజరు గారు మర్యాదస్థులు, కూర్చోబెట్టి విన్నారు. కోసిన 18 యూరోలు తమ చేతిలో లేవని చెప్పి, ఇంకొక మాట అన్నారు. "అమ్మా, అది మా కార్డు రేటు, అడగనివారందరికీ వేసే మామూలు ధర. ఐదారు లక్షలు పంపేటప్పుడు ముందే అడిగి ఉంటే మారకపు ధరలు చూసే మా ట్రెజరీ విభాగానికి ఫోను చేసి ప్రత్యేక ధర ఇప్పించేవాడిని." అడిగితే తగ్గించేవారట! ముప్పై ఏళ్ళ ఖాతాదారుకు అడగకపోయినా చెప్పవలసిన మాట అది. ఆ కుర్చీలోనే కూర్చుని ఆయనతో ఇదే అన్నాను. బయట బోర్డు మీద ఈ ఒక్క వాక్యం తెలుగులో రాసి పెట్టమని కూడా అడిగాను. చూస్తామన్నారు.

అబ్బాయి సెప్టెంబరు చివర వెళ్ళాడు. అక్కడ మామూలు ఖాతా తెరిచాక బ్లాక్డ్ అకౌంట్ నుంచి మొదటి నెల డబ్బు పడింది. ఫోను చేసి చెప్పగానే నేను అడిగింది ఒక్కటే, ఎంత పడిందని. 992 పంపారు, 992 పడ్డాయి అన్నాడు.