వాన నీరు, మురుగు: పైపులు వేరుచేయాలా, ట్యాంకు కట్టాలా? ఏది మేలు?

పాత ఊళ్లలో చాలాచోట్ల వాన నీరు, మురుగు ఒకే పైపులో పోతాయి. పెద్ద వానకు అది పట్టక నదిలోకి పొంగుతుంది. దీనికి మందు రెండు: వాటిని రెండు పైపుల్లోకి వేరుచేయడం, లేదా పొంగే నీటిని ట్యాంకులో పట్టి ఉంచి తర్వాత శుద్ధికి పంపడం. 10 హెక్టార్ల పాత బస్తీ, 2,000 మంది జనం అనుకుందాం. మనిషికి రోజుకు 150 లీటర్ల నీరిస్తే అందులో 80 శాతం మురుగై తిరిగొస్తుంది. అంటే సగటున సెకనుకు 2.8 లీటర్లు, ఉదయం రద్దీ వేళకు మూడింతలు వేసుకున్నా 8.3 లీటర్లే. అక్కడే గంటకు 50 మి.మీ. చొప్పున వాన పడి, 70 శాతం ఇంకకుండా పారితే సెకనుకు 970 లీటర్లు. రద్దీ వేళ మురుగుకే దాదాపు 117 రెట్లు! 200 మీటర్లకు 1 మీటరు వాలులో మురుగుకు 200 మి.మీ. పైపు చాలు, వానకు 900 మి.మీ. కావాలి.

రెంటికీ కలిపి ఆ పెద్ద పైపొక్కటే వేస్తే, ఎండరోజున రద్దీ వేళ కూడా మురుగు అడుగున 5 సెం.మీ. లోతునే పారుతుంది. పూడిక పేరుకోకుండా ఉండాలంటే వేగం సెకనుకు 0.6 మీటర్లుండాలి, అది అప్పుడే అందదు, ఇక రాత్రి సంగతి చెప్పక్కర్లేదు. పేరుకున్న బురదలోంచి పుట్టే హైడ్రోజన్ సల్ఫైడు, తడి గోడ మీద ఆమ్లంగా మారి కాంక్రీటు పైపును పైభాగం నుంచి తినేస్తుంది. పెద్ద వాన వస్తే ఆ బురదంతా లేచి నీటితోపాటు నదిలో పడుతుంది. ఆ వరదను శుద్ధి కేంద్రంలోకి వదిలితే అక్కడి సూక్ష్మజీవులే కొట్టుకుపోతాయి.

వేరుచేయడంలో రెండు దారులున్నాయి. మురుగుకు కొత్త సన్న పైపు వేసి పాతదాన్ని వానకు వదిలేయడం ఒకటి. కందకం ఇరుకైనదే సరిపోతుంది, వేగమూ సరిగ్గా ఉంటుంది. కానీ ప్రతి ఇంటి కనెక్షనూ మార్చాలి; అవి పాత పైపును దాటి రావాలి కాబట్టి కొత్తది చాలాచోట్ల దానికంటే లోతుగా పోవాలి. ఒక్క ఇల్లు మరిచినా దాని మురుగు శుద్ధి లేకుండా నేరుగా నదిలోకే. రెండోది, వానకే కొత్త కాలువ కట్టడం. ఇళ్ల మురుగు కనెక్షన్ల జోలికి పోనక్కర్లేదు, లోతూ తక్కువే. పొరపాటు జరిగినా మురుగులో కాస్త వాన నీరు కలుస్తుంది, అంతే. కాకపోతే పాత పైపు మురుగుకు మరీ పెద్దదై పూడిక బాధ అలాగే మిగిలిపోతుంది. కనెక్షన్లన్నీ వెతికి పట్టే ఓపిక, సిబ్బంది ఉన్నచోట మొదటిదే మేలు. లేకపోతే దాని జోలికి వెళ్లకపోవడమే మంచిది.

ట్యాంకు లెక్క వేరు. మన బస్తీలో మొదటి 10 మి.మీ. వానను పట్టి ఉంచాలంటే 700 ఘనపు మీటర్లు కావాలి. వీధివీధీ తవ్వే పని లేదు. పైగా రోడ్డు మీది నూనె, టైర్ల పొడి ఎక్కువగా వచ్చేది ఆ మొదటి నీటిలోనే. వేరుచేసిన వాన కాలువ దాన్ని తిన్నగా నదిలోకి మోస్తుంది. వేరుచేస్తే నది శుభ్రమైపోతుందనుకునేవాళ్లు ఈ సంగతి మరిచిపోతారు. లండన్ తన పాత ఉమ్మడి పైపుల్ని అలాగే ఉంచి, పొంగే నీటిని పట్టి ఉంచేందుకు 25 కి.మీ. పొడవు, 7.2 మీటర్ల వ్యాసం గల సొరంగం తవ్వింది. షికాగోది కూడా ఇదే దారి. అయితే ట్యాంకును ఒకటి రెండు రోజుల్లో పంపులతో ఖాళీ చేయాలి. కరెంటు పోయినా పంపు ఆగినా లోపలి నీరు కుళ్లుతుంది, మలి వానకు చోటుండదు.

కొత్తగా వేసే కాలనీకి చర్చే అక్కర్లేదు, రెండు పైపులే. ఇరుకు సందుల పాత ఊళ్లో మాత్రం ముందు రోడ్డు పక్క గ్రేటింగులను (వాన నీరు దిగే జాలీలను) వాన కాలువకు మళ్లించి, మిగిలినదానికి ట్యాంకు కట్టడం మేలు. ఇంటి పైకప్పు గొట్టాలు, పెరటి నీరు ఇంకా మురుగు చాంబర్‌లోనే పడుతుంటే రెండు పైపులు వేసినా వేరుచేసింది కాగితం మీదే.

పని అయ్యాక మురుగు పైపులోకి పొగ ఊదండి. కప్పు మీది వాన నీటిని దింపే గొట్టంలోంచి పొగ వస్తే దొంగ దొరికినట్టే. అనుమానమున్న ఇంటి మరుగుదొడ్డిలో రంగు నీళ్లు పోసి ఏ మ్యాన్‌హోల్‌లో తేలుతుందో చూడండి. ఆ తర్వాత మురుగు పైపులో ప్రవాహం కొలిచే మీటరు పెట్టండి. వాన మొదలైన అరగంటలోపే ప్రవాహం ఎగబాకి, వెలియగానే పడిపోతే ఎక్కడో గొట్టం కలిసే ఉంది, అది విప్పాలి. మెల్లగా పెరిగి రోజుల తరబడి దిగకపోతే అది పగుళ్లలోంచి, జాయింట్లలోంచి ఊరుతున్న భూగర్భ జలం. దానికి పైపు లోపల లైనింగ్ (పగుళ్లు మూసే కొత్త పొర) వేయాల్సిందే. కనెక్షన్లు ఎన్ని విప్పినా తగ్గదు.