వదిలేసిన స్టిక్ ఎక్కడ ఆగుతుంది? టీఎంఆర్ మాడ్యూళ్ల జతతో రెండు నెలలు

"అక్కా, నేను చెయ్యి తీసేసినా వీడు నడుస్తూనే ఉన్నాడు చూడు" అంటూ మా తమ్ముడు గేమ్ కంట్రోలర్‌ని బల్ల మీద పెట్టాడు. తెర మీద ఆటగాడు మెల్లగా ఎడమకి జరిగిపోతున్నాడు. ఇలా స్టిక్ దానంతటదే జరగడాన్ని డ్రిఫ్ట్ అంటారు. దాన్ని కప్పిపుచ్చడానికి వాడు డెడ్ జోన్ (మధ్య చుట్టూ ఆట పట్టించుకోని మేర) పెంచుకుంటూ పోయి 20 శాతం దాకా తెచ్చాడు. అంటే స్టిక్‌ని ఐదో వంతు దూరం నెట్టేదాకా ఆటకి ఏమీ తెలియదు. గురి చూసే ఆటల్లో అసలు పనంతా ఆ ఐదో వంతులోనే ఉంటుంది. అందుకే పాత స్టిక్కులు రెండూ పీకేసి, టీఎంఆర్ అనే అయస్కాంత సెన్సర్లతో పనిచేసే స్టిక్ మాడ్యూళ్ల జత వేశాను. ప్యాకెట్ మీద తయారీదారు పేరేమీ లేదు. రెండు మాడ్యూళ్లు, అంతే.

పాత రకం స్టిక్‌లో పక్కలకి ఒకటి, పైకీ కిందికీ ఒకటి, రెండు పాటెన్షియోమీటర్లు (తిప్పితే నిరోధం మారే భాగాలు) ఉంటాయి. సాధారణంగా ఒక్కొక్కటి 10 కిలో ఓములు. కార్బన్ పూత మీద సన్నటి లోహపు నాలుక రాసుకుంటూ తిరుగుతుంది. రాసుకున్న చోటల్లా పూత అరుగుతుంది, ఎక్కువగా అరిగేది మధ్యలోనే. టీఎంఆర్‌లో రాపిడి లేదు. చిన్న అయస్కాంతం తిరుగుతుంటే దాని క్షేత్రం ఎటు తిరిగిందో సెన్సర్ చూస్తుంది. ఆలోచన కొత్తదేం కాదు, 1998లో వచ్చిన సెగా డ్రీమ్‌కాస్ట్ కంట్రోలర్‌లోనే హాల్ సెన్సర్లతో (ఇవీ అయస్కాంత క్షేత్రాన్ని పసిగట్టేవే) నడిచే స్టిక్ ఉంది. హాల్ రకాన్ని వదిలి టీఎంఆర్ ఎంచుకోవడానికి కారణం, ఇది కరెంటు తక్కువ తాగుతుంది. బ్యాటరీ మీద నడిచే కంట్రోలర్‌కి అది ముఖ్యం.

బిగించే పని తేలిక కాదు. ఒక్కో మాడ్యూల్‌కి 14 పిన్నులు: పాటెన్షియోమీటర్ల స్థానంలో మూడేసి, నొక్కుడు బటన్‌కి నాలుగు, బోర్డుని పట్టుకునే కాళ్లు నాలుగు. ఆ నాలుగు కాళ్లూ గ్రౌండ్‌కి, అంటే బోర్డులోని వెడల్పాటి రాగి పొరకి, కలిసి ఉండటంతో సోల్డరింగ్ ఐరన్ వేడినంతా బోర్డు పీల్చేసుకుంటుంది. ఫ్యాక్టరీలో వాడే సీసం లేని సోల్డర్ దాదాపు 217 డిగ్రీల దగ్గర గానీ కరగడం మొదలుపెట్టదు. ముందు బ్యాటరీ తీగ ఊడదీసి, ప్రతి పిన్ను మీదా ఫ్లక్స్ (సోల్డర్ బాగా పారేలా చేసే పదార్థం) రాసి, 183 డిగ్రీలకే కరిగే 63/37 (తగరం, సీసం పాళ్లు) సోల్డర్ కొంచెం కలిపాను. పాత మాడ్యూల్ ఎలాగూ పారేసేదే కదా అని దాన్ని కటర్‌తో ముక్కలు చేసి, పిన్నులు ఒక్కొక్కటిగా లాగాను. మొత్తం మాడ్యూల్‌ని ఒకేసారి ఊడబెరకాలని చూస్తే బోర్డు మీది రాగి లేచిపోతుంది. అది పోతే తిరిగి అతికించడం చాలా కష్టం.

కొత్తది పెట్టేటప్పుడు ముందు ఎదురెదురు మూలల్లో రెండు కాళ్లకే సోల్డర్ పెట్టండి. మాడ్యూల్ బోర్డుకి సమంగా ఆనిందో లేదో వెలుతురుకి ఎదురుగా పట్టి చూసి, అప్పుడు మిగతావి పూర్తి చేయండి. మాడ్యూల్ ఒక పక్కకి ఒరిగితే కాలిబ్రేషన్ (స్టిక్ మధ్య, అంచులు ఎక్కడో కంట్రోలర్‌కి నేర్పడం) ఆ ఒరుగుని అంకెల్లో దాచేయగలదు. కానీ స్టిక్ ఒకవైపు ముందుగా, ఇంకోవైపు ఆలస్యంగా అంచుకి తగులుతుంది. బొటనవేలు అది పసిగట్టేస్తుంది.

అన్నీ బిగించి యూఎస్‌బీ కేబుల్‌తో కంప్యూటర్‌కి కలిపాను. ఈ కంట్రోలర్ స్టిక్ స్థానాన్ని 0 నుంచి 255 దాకా అంకెగా పంపుతుంది. వదిలేసినప్పుడు 127 గానీ 128 గానీ రావాలి. ఎడమ స్టిక్ 117 చూపించింది. ఎడమకి నెడితే అంచుకి చేరకముందే 0 అయిపోయింది, కుడికి ఎంత నెట్టినా 243 దాటలేదు. ఇక్కడే చాలామంది కొత్త మాడ్యూల్ పాడైందనుకుని వెనక్కి పంపేస్తారు. తొందరపడకండి. బోర్డు జ్ఞాపకంలో ఇంకా పాత స్టిక్ మధ్య, పాత స్టిక్ అంచులు ఉన్నాయి. కొత్త స్టిక్‌ని ఆ పాత కొలతలతో చదువుతోంది, అంతే.

వెనకటి కంట్రోలర్లలో ఈ తంటా లేదు. నింటెండో 64 ఆన్ చేసిన క్షణంలో స్టిక్ ఎక్కడుంటే దాన్నే మధ్యగా తీసుకునేది. ఎల్, ఆర్, స్టార్ట్ కలిపి నొక్కితే మళ్లీ తీసుకునేది. గేమ్‌క్యూబ్‌లో ఎక్స్, వై, స్టార్ట్ మూడు సెకన్లు పట్టుకుంటే సరిపోయేది. ఆ మూడు బటన్ల సౌకర్యం ఇప్పటి కంట్రోలర్లకీ ఉండాలని నేను గట్టిగా కోరుకుంటాను.

నేను వాడింది బ్రౌజర్‌లో నడిచే ఉచిత కాలిబ్రేషన్ పేజీ. క్రోమ్, ఎడ్జ్ లాంటి వాటిలో కంట్రోలర్‌తో నేరుగా మాట్లాడుతుంది. అన్ని కంట్రోలర్లకీ ఇలాంటిది లేదు, కాబట్టి మాడ్యూళ్లు కొనేముందే మీదానికి ఉందో లేదో చూసుకోండి. ముందు మధ్య: స్టిక్‌ని ఒక్కో మూలకీ నెట్టి వదలమంటుంది, నాలుగు మూలలు. తర్వాత అంచులు: స్టిక్‌ని అంచు వెంట మెల్లగా గుండ్రంగా తిప్పాలి. చివర్లో శాశ్వతంగా భద్రపరచమనే బటన్ ఉంటుంది. మొదటిసారి నేను అది నొక్కలేదు. కంట్రోలర్ ఆపి మళ్లీ పెట్టేసరికి 117 తిరిగొచ్చింది, పనంతా మళ్లీ చేశాను.

నాలుగు మూలల నుంచీ ఎందుకు వదలమంటుందో కాసేపు గమనిస్తే అర్థమవుతుంది. స్టిక్‌ని మధ్యకి తెచ్చేది సెన్సర్ కాదు, స్ప్రింగు. ఎడమ నుంచి వదిలితే అది కొంచెం ఎడమగా ఆగుతుంది, కుడి నుంచి వదిలితే కొంచెం కుడిగా. మధ్య అంటే ఒక చుక్క కాదు, చుక్కల గుంపు. ఆ గుంపుకి నడిబొడ్డు వెతకడమే సెంటర్ కాలిబ్రేషన్. ఒక్క దిక్కు నుంచే వదిలి సున్నా చేస్తే, మిగతా మూడు దిక్కుల నుంచి వచ్చినప్పుడు తప్పే చూపిస్తుంది.

అందుకని ప్రతి స్టిక్‌నీ ఒక్కో దిక్కు నుంచి పదేసి సార్లు వదిలి, ఆగిన అంకె రాసుకున్నాను. కుడి స్టిక్ నలభై సార్లూ 127, 128 దాటి పోలేదు. ఇంత బిగువుగా మధ్యకొచ్చే స్టిక్‌ని నేను ఇంతవరకూ పట్టుకోలేదు. ఎడమది మాత్రం 126 నుంచి 130 దాకా పరుచుకుంది. ఒకే ప్యాకెట్‌లో వచ్చిన రెండింటి మధ్య అంత తేడా ఉండటం నాకు నచ్చలేదు. తయారీదారు స్ప్రింగుల మీద ఇంకొంచెం శ్రద్ధ పెట్టాల్సింది. టీఎంఆర్ అంటే డ్రిఫ్టే ఉండదని ప్రకటనల్లో చెబుతారు. అరుగుదల వల్ల వచ్చే డ్రిఫ్ట్ ఉండదు, నిజమే. స్ప్రింగు వల్ల వచ్చే తేడా మాత్రం ఏ సెన్సర్ పెట్టినా ఉంటుంది.

అంచు దగ్గర వచ్చే వృత్తం ఎంత గుండ్రంగా ఉందో చూపించే పరీక్ష ఒకటి ఉంది, కొందరు దాన్ని సున్నా శాతం తప్పుకి తెచ్చేదాకా వదిలిపెట్టరు. నా దృష్టిలో అది అనవసరం. గుండ్రానికి కొంచెం అవతలికి పోతేనే మంచిది, లేకపోతే స్ప్రింగు కాస్త వదులైన రోజున పూర్తి వేగం అందదు.

ఇంకో రెండు మాటలు. స్ప్రింగు పాతదానికంటే గట్టిది. స్టిక్‌ని అంచు దాకా నెట్టి ఠక్కున వదిలితే ఒక క్షణం అవతలి వైపుకి దాటి వెనక్కొస్తుంది. పోరాట ఆటల్లో తమ్ముడి పాత్ర ఒకట్రెండు సార్లు అటు తిరిగి నిలబడింది. వేలు ఆనించి వదలడం అలవాటయ్యాక అది తగ్గింది. స్టిక్ నొక్కే బటన్ కూడా కొంచెం గట్టిగానే ఉంది, వాడికి అదే ఇష్టం.

నిన్న మళ్లీ నలభై సార్లు వదిలి రాసుకున్నాను. కుడిది అలాగే ఉంది, ఎడమదీ అదే 126 నుంచి 130. తమ్ముడు డెడ్ జోన్‌ని ఎడమకి 4 శాతం, కుడికి 2 శాతం పెట్టుకున్నాడు. 20 నుంచి అక్కడికి దిగాక, గురి చూసేటప్పుడు వాడి భుజాలు బిగుసుకోవడం ఆగిపోయింది.

తర్వాత నా కంట్రోలర్‌కీ ఇవే వేస్తాను, కాకపోతే రెండు కాకుండా నాలుగు తెప్పిస్తాను. సోల్డర్ చేయకముందే పాటెన్షియోమీటర్ స్థానంలో ఉన్న మూడు పిన్నుల్లో బయటి రెండింటికి మాడ్యూల్ తట్టుకునే వోల్టేజీ ఇచ్చి, మధ్య పిన్ను మీద మల్టీమీటర్ పెట్టి, నాలుగు దిక్కుల నుంచీ వదిలి చూస్తాను. అంకె తక్కువగా చెదిరిన రెండే బోర్డు ఎక్కుతాయి.