బెదురు కుక్కకు కొత్త ఇంట్లో చోటు: మేడ మీదా, ఇల్లంతానా, ఒక మూలా? ఏది మేలు?

వీధి కుక్కనో, ఎవరో వదిలేసిన లాబ్రడార్‌నో ఇంటికి తెచ్చుకుంటే మొదటి రోజే తేల్చుకోవాల్సింది అది ఎక్కడ ఉండాలన్నది. మన విజయవాడలో ఎక్కువమంది మేడ మీదో బాల్కనీలోనో కట్టేస్తారు. కొందరు ఇల్లంతా వదిలేస్తారు. ఒక గదిలో మూల చూసి చోటు చేసేవాళ్లు తక్కువ. నా ఓటు ఆ తక్కువమందికే.

మేడ సంగతి ముందే తేల్చేద్దాం. బెజవాడ ఎండలు 40 డిగ్రీలు దాటతాయి, స్లాబు సాయంత్రం దాకా కాలుతూనే ఉంటుంది. కుక్క ఒళ్లు చల్లబడేది ముఖ్యంగా రొప్పడం వల్లే. పైగా గొలుసుతో ఉన్న కుక్కకు భయమేస్తే పారిపోయే దారి ఉండదు, ఇక మిగిలేది బిగుసుకుపోవడం, లేదా కరవడం. ఇల్లు పాడవదన్నది మన సౌకర్యం, దానికి ఒరిగేదేమీ లేదు.

ఇల్లంతా వదలడం ప్రేమగానే చేస్తారు. ధైర్యమున్న కుక్కకైతే సరిపోతుంది. బెదురు కుక్కకు మాత్రం కుక్కర్ విజిల్, మిక్సీ, కాలింగ్ బెల్ అన్నీ ఒకేసారి మీదపడతాయి. చివరికి మంచం కిందే చేరుతుంది. అసలు ప్రమాదం వీధి తలుపు. పాలవాడికోసం తీసిన సందులోంచి జారిపోతే, పటమట సందుల్లో అక్కడి కుక్కలు తరుముతుంటే, ఇంకా ఇల్లు గుర్తుపట్టని కుక్క వెనక్కి రావడం కష్టం.

మూల అంటే స్టోర్‌రూమ్ కాదు. మనుషుల అలికిడి వినిపిస్తూ, ఎవరూ దాటుకుంటూ వెళ్లని చోటు. కుర్చీ మీదుగా దుప్పటి కప్పి, కింద పాత నూలు చీర మడతపెట్టి పరిస్తే చాలు. పాత చోటు నుంచి వచ్చిన గుడ్డ ఉంటే ఉతక్కండి, ఆ వాసనే దానికి ఊరట. క్రేట్ (కుక్క పడుకునే కడ్డీల పెట్టె) కొన్నా తలుపు తీసే ఉంచండి. బలవంతంగా మూస్తే కంగారులో కడ్డీలు కొరికి పళ్లు విరగ్గొట్టుకునే కుక్కలున్నాయి.

ఆ మూల దగ్గర మీరు కూర్చునే తీరు చాలా ముఖ్యం. ఎదురుగా వంగి చేయి చాపకుండా, పక్కకు తిరిగి నేల మీద కూర్చోండి. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించిన చికెన్ ముక్క కాస్త దూరంలో వేసి చూపు తిప్పుకోండి. నిద్ర వేళ కాకపోయినా ఆవలిస్తున్నా, తిండి లేకుండానే ముక్కు నాకుతున్నా, కంటి తెల్లగుడ్డు కనిపిస్తున్నా టెన్షన్‌లో ఉందని అర్థం. ఇంకాస్త వెనక్కి జరగండి. పక్కింటి పిల్లలు చూడాలని ముచ్చటపడితే తర్వాత రమ్మని చెప్పండి, బాధపడరు.

రాత్రి హాల్లో ఒంటరిగా వదలడం కన్నా మొదట్లో మీ పడకగదిలోనే పరుపు వేయడం మేలు. ఏడుపు తగ్గుతుంది, మీకూ నిద్ర పడుతుంది. రెండో రోజుకీ ఏమీ తినకపోయినా, నీళ్లు ముట్టకపోయినా పశువుల డాక్టరుకు చూపించండి.

తోక వదులుగా పెట్టుకుని తనంతట తాను బయటికొస్తుంటే ఒక్కో గదీ తెరుస్తూ పోండి. మూడు రోజుల్లో తేరుకుని, మూడు వారాల్లో అలవాటుపడి, మూడు నెలల్లో ఇల్లు తనదనుకుంటుందని కుక్కల్ని పెంచేవాళ్ల ఉజ్జాయింపు లెక్క. బాగా బెదిరిన దానికి ఇంకా పట్టవచ్చు. ఇల్లంతా తిరిగే రోజొచ్చినా ఆ మూల మాత్రం తీసేయకండి, దీపావళి టపాసులప్పుడు అది వెతుక్కునేది దాన్నే.